అట్ట లేని రికార్డు

చిరంజీవి డబ్బాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే, మీ నాన్నకి బీపీ అదుపులో ఉంది, నాకు కోపం అదుపులో లేదు. రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి కనుక కంగారు పడకు. నువ్వూ, నీ నీళ్ల ల్యాబూ, నీ గదిలో కారుతున్న ఆ కొళాయీ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఊరందరి నీళ్లూ పరీక్ష చేసేదానివి, సొంత కొళాయికి ఒక వాషర్ వేయించుకోలేవా?

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. నువ్వొక బ్యాండులో ఉన్నావనీ, ముగ్గురు కలిసి రికార్డు వేశారనీ నాకు అది చదివితేనే తెలిసింది. దాన్ని మా పక్షపత్రికలో ఎవరో చీల్చి చెండాడారనీ, ఆ రోజు నుంచి మీలో పాడే అమ్మాయి నోరు విప్పడం లేదనీ రాశావు. అన్నిటికంటే చివర, సంతకం పక్కన, పాలు అయిపోయాయి అన్నంత మామూలుగా, "డ్రమ్స్ అమ్మేస్తున్నాను, పై వారం శనివారం సాయంత్రం హోటల్ బ్యాండ్ ఆయన వ్యాను తెచ్చుకుంటాడు" అని ఒక ముక్క పడేశావు. పదకొండేళ్లు వాయించినదాన్ని మార్జిన్‌లో రాస్తావా?

ఆ విమర్శ రాసినవాడి పేరు కనుక్కోమన్నావు. కనుక్కున్నాను. చెప్తాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కానీ, ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాటలో పడతామని నువ్వే కదా ఉత్తరాల పద్ధతి పెట్టావు. పైగా ఫోన్ అయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని చింపేసినా ముక్కలు ఏరుకుని చదువుతావు, నాకు తెలుసు. ముందు మిగతా ప్రశ్నలు.

మోకాలు పర్వాలేదు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మా పత్రిక ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, ఎక్కొద్దన్న ముక్క మా ఆఫీసుకి రాసివ్వమన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

నా పాటల మోతకి పై వాటా ఆయన ఇంకా నేల తంతున్నాడా అని అడిగావు. తన్నడం మానేసి ఇప్పుడు కిందికి దిగి వస్తున్నాడు. మొన్న గుమ్మంలో నిలబడి, "ఈ వయసులో ఈ గోలేంటండీ" అన్నాడు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఆడపిల్లకి ఈ గోలేంటి అన్నారు. నువ్వు పుట్టాక పిల్లతల్లికి ఈ గోలేంటి అన్నారు. ఇప్పుడు ఈ వయసులో అంటున్నారు. అంటే ఆడదాని జీవితంలో ఎలక్ట్రిక్ గిటారుకి కేటాయించిన సంవత్సరం ఒక్కటీ లేదన్నమాట. ఆయన్నే అడిగాను, "ఏ వయసు ఖాళీగా ఉందో మీరే చెప్పండి, అప్పుడు వింటాను" అని. మీ నాన్న లోపల్నుంచి, "ఆయనకి చెప్పడం అయ్యాక కాస్త సౌండు తగ్గించు, నా మందుల లిస్టు తప్పుతోంది" అన్నాడు. ఫార్మసిస్టుల ఇంట్లో రాక్ వింటే రోగులకి ప్రమాదమట.

ఈ మధ్య ఏం వింటున్నావు అన్నావు. నా మనసుకి నచ్చే ప్రశ్న ఇదొక్కటే అడిగావు. ప్లేయర్ పక్కన గోడకి నాలుగు రికార్డులు ఆనించి ఉన్నాయి. మొదటి మూడూ నెల రోజులుగా తిరుగుతున్నాయి, నాలుగోది మొన్ననే చేరింది.

మొదటిది దగ్గు రికార్డు. మూడో పాట మొదలయ్యే ముందు ఎవరో దగ్గుతారు, గుర్తుందా, నువ్వు ఊయలలో సరిగ్గా అక్కడే కళ్లు తెరిచేదానివి. దాన్ని ఈ ఏడాది కంపెనీ వాళ్లు శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. ప్రెస్సులో ఎవరో తెస్తే విన్నాను. దగ్గు లేదు. తీగ మీద వేలు జారిన చప్పుడు లేదు. కుర్చీ కిర్రుమన్నది లేదు. పాట మిగిలింది కానీ, పాడినవాళ్లు ఒక గదిలో ఉన్నారన్న రుజువు పోయింది. భవనం ప్రారంభం రోజున తాపీ పనివాళ్లని వెనక గేటు నుంచి పంపేస్తారు చూడు, అదే పని. దీనికి వాళ్లు పెట్టిన పేరు స్పష్టత. ఎవరి చెమట తుడవాలో నిర్ణయించే హక్కు వీళ్లకి ఎవరిచ్చారు? ఇక ఫోన్లో పాటలు వినిపించే ఆ యంత్రం సంగతి చెప్పనక్కర్లేదు. ఎనిమిది పాటల్ని ఒక వరసలో పేర్చడానికి నలుగురు మనుషులు నెలల తరబడి తగువులాడి ఉంటారు. అది వచ్చి, అయిదో పాట తీసి, "మీ సాయంత్రానికి" అని వినిపిస్తుంది. నా సాయంత్రం ఎలా ఉండాలో నేను చెప్పాలి.

రెండోది నిచ్చెన బొమ్మ అట్ట. లాకౌట్ చేసిన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, కార్మికుల కోసం, వాళ్ల మధ్యే వాయించి రికార్డు చేసినది. రెండో వైపు సగంలో కరెంటు పోతుంది. గిటార్లు చచ్చిపోతాయి, బ్యాటరీ టేపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. డ్రమ్స్ ఆవిడ ఆగదు. చీకట్లో ఏడు నిమిషాలు ఒక్కతే వాయిస్తుంది, తర్వాత జనం బల్లలు కొట్టడం మొదలుపెడతారు. నువ్వు పాలపొడి డబ్బా బోర్లించి గరిటెలతో మొదట కొట్టినది ఆ ఏడు నిమిషాలే. నీ పేరు అలా వచ్చిందే. మొన్న మా పత్రిక నడిపే సంఘం సమావేశంలో ఒక కుర్ర మేధావి లేచి, రాక్ ప్రజల సంగీతం కాదు, దిగుమతి సరుకు అన్నాడు. దిగుమతి కాని మైకు ముందు నిలబడి ఉంటే ఇంకా నమ్మేదాన్ని. ఆ బల్లల చప్పుడు వినమన్నాను. తీరిక లేదన్నాడు. ప్రజల గురించి మాట్లాడ్డానికి తీరిక ఉంటుంది వీళ్లకి, ప్రజలు బల్ల కొడితే వినడానికి ఉండదు.

మూడోదాని గురించి రాయడానికి సిగ్గుగా ఉంది. ఎర్ర అట్టది. నేను కాలేజీలో అరిగిపోయేదాకా విన్నది. అప్పట్లో గిటారు తప్ప ఏమీ వినబడలేదు. ఇప్పుడు మాటలు వింటున్నాను. వదిలి వెళ్తానన్న అమ్మాయిని పాట పొడుగునా బెదిరిస్తుంటాడు ఆ పాడేవాడు. నలభై ఏళ్లు ఆ బెదిరింపుకి నేను కాలు ఆడించాను. పారేయమంటుంది మా ప్రూఫులు చూసే ఆవిడ. పారేయను. పారేస్తే నేను ఎప్పుడూ వినలేదని అబద్ధమాడినట్టవుతుంది. పెట్టి, వింటూ, వాడితో పోట్లాడతాను. గిటారు మాత్రం ఇప్పటికీ బాగుంటుంది. అదే నాకు ఒళ్లు మంట.

నాలుగోదానికి అట్ట లేదు. తెల్ల లేబులు. నీదే.

ఇక్కడి నుంచి కూర్చుని చదువు.

మా పత్రికలో పుస్తకాలకీ పాటలకీ విమర్శ పేరు లేకుండా వేస్తాం. రాసింది ఎవరో ఇంట్లో కూడా చెప్పకూడదని పద్ధతి. మెచ్చుకుంటే బహుమతులూ తిడితే బెదిరింపులూ రాకుండా ఉంటాయని మొదట్లో పెట్టుకున్నాం. నేను రాజకీయాల పేజీ మాత్రమే రాస్తానని నువ్వనుకుంటున్నావు. మూడు నెలల క్రితం సంగీతం పేజీ చూసేవాడు మానేస్తే, ఆ పేజీ కూడా నేను తీసుకున్నాను.

నీకు కావలసిన పేరు నాది.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. ముగ్గురు ఆడపిల్లలు రాక్ వాయిస్తే మగవాళ్లని వెక్కిరించారని నువ్వు రాసిన చోట మంచం మీంచి లేచాను. "ఎవడు వీడు? ఆడది గొంతెత్తితే మగరాయుడా? ఇదేనా మా పత్రిక?" అన్నాను, కోపంలో ఆ పేజీ నాదేనన్నది మరిచి. మీ నాన్న చెవిలో దూది తీసి, "మీ పత్రికేగా, నీకు తెలియదా" అన్నాడు. తర్వాతి వాక్యం నువ్వు అందులోంచి ఎత్తి రాసినది. 'అలసిపోయిన ముగ్గురు మగవాళ్లు వానలో తడిసిన పరుపును మేడ మీదికి మోస్తున్నట్టుంది.' అది చదువుతుంటే నోట్లోనే నా గొంతు నాకు తగిలింది. ఆ పోలిక కుదిరిన రోజు సంబరంగా రెండు బిస్కెట్లు ఎక్కువ తిన్నాను.

వెక్కిరింపు కాదే తల్లీ. నిజంగానే మగవాళ్లనుకున్నాను. అదింకా పెద్ద నేరం.

బుధవారం ఆ రికార్డు వెతికి మళ్లీ పెట్టాను. రెండుసార్లు విన్నాను. అదే నీరసం, అదే ఈడ్పు. నా అభిప్రాయం ఇసుమంత కూడా మారలేదు. కూతురని తెలిశాక కూడా చెవి మారనందుకు ముందు గర్వపడ్డాను, తర్వాత భయం వేసింది. నిజం చెప్పాలంటే నీకు బాగా లేదనే చెప్పాలి. ఆ ఉత్తరం మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను.

గురువారం బెల్టు మార్చడానికి ప్లేయర్ మెకానిక్ వచ్చాడు. పరీక్ష కోసం పళ్లెం మీద ఉన్నదాన్నే తిప్పాడు. కాసేపు విని, "ఇదేంటక్కా, జ్వరం వచ్చినవాళ్లలా పాడుతున్నారు" అన్నాడు.

"అది వాళ్ల శైలి" అన్నాను. చూడు, నిన్ను వెనకేసుకు వచ్చాను.

అతను రికార్డు ఎత్తి, లేబులు అంచున గీతల మధ్య గోటితో రాసినంత సన్నగా ఉన్న అంకె చూశాడు. "నిమిషానికి నలభై ఐదు చుట్ల మీద తిరగాలక్కా ఇది. నువ్వు ముప్పై మూడు మీద పెట్టావ్."

"పెద్ద రికార్డు కదా, పెద్దవన్నీ ముప్పై మూడే."

"ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. నలభై ఏళ్లుగా నేనే అనుకుంటున్నాను. మీట జరిపాడు. ముల్లు దించాడు. నూతిలోంచి వచ్చినట్టున్న ఆ మగగొంతు ఒక్క క్షణంలో అమ్మాయి గొంతయింది. ఎవరి దగ్గరా అనుమతి తీసుకోని గొంతు. దాని వెనక నువ్వు. మెకానిక్ స్క్రూడ్రైవరు పట్టుకునే తలాడించడం మొదలుపెట్టాడు. "ఎవరక్కా డ్రమ్స్" అన్నాడు. నేను ఆ మీటనే చూస్తున్నాను. తెలియదనుకుని, "కనుక్కో, గట్టి మనిషి" అని చెప్పి వెళ్లిపోయాడు.

రికార్డుతో పాటు ఒక చీటీ పంపామని రాశావు. ఏ రికార్డుతో వచ్చిన చీటీనీ నేను చదవను. పొగడ్తల కాగితం చెవిని పాడుచేస్తుందని, రాగానే పత్రిక కట్టలు పంపే డెస్పాచ్ ఆవిడకి ఇచ్చేస్తాను. అది నా సిద్ధాంతం. దాని గురించి ఒక వ్యాసం కూడా రాశాను, నువ్వు చదివే ఉంటావు. శుక్రవారం ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగాను. వెనక ఖాళీగా ఉన్న కాగితాలన్నీ ఆవిడ క్లిప్పు పెట్టి దాచుకుంటుంది. మీ చీటీ దొరికింది. ఒక వైపు ఏ ఏజెంటుకి ఎన్ని కట్టలో ఆవిడ లెక్క. రెండో వైపు, 'దయచేసి నలభై ఐదు మీద వినండి. రాసిందీ, పాడిందీ, వాయించిందీ మేం ముగ్గురం' అని నీ చేతిరాత. పలక మీద చెయ్యి పట్టి దిద్దించిన రాత. విప్పి చూసి ఉంటే ఒక్క చూపులో పోల్చుకునేదాన్ని.

ఆడవాళ్ల గొంతు వినబడనివ్వరని ఇరవై ఆరేళ్లుగా ఊళ్ల మీద పడి అరుస్తున్న మనిషి, ముగ్గురు ఆడపిల్లల గొంతు వేగం తగ్గించి, మగవాళ్లని చేసి, తిట్టి, అచ్చు వేయించింది. నీరసంగా డ్రమ్స్ వాయిస్తే 'ఇతగాడు' అని రాయడానికి నా చెయ్యి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఇంకెవరైనా చేసి ఉంటే నేను నాలుగు కాలమ్‌ల వ్యాసం రాసేదాన్ని, తెలుసా.

శుక్రవారమే మా ఎడిటర్ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. సవరణ వేయాలి, నా పేరుతో వేయాలి అన్నాను.

"ఎవరూ గమనించలేదు కదమ్మా" అన్నాడు.

"వాయించినవాళ్లు గమనించారు."

"పేరు లేకుండా వేయడం మన పద్ధతి. నువ్వు పేరు పెడితే రేపు అందరి పేర్లూ అడుగుతారు. అయినా, కూతురి రికార్డుకి తల్లి సవరణా? అప్పుడు తిట్టింది తప్పు, ఇప్పుడు మెచ్చుకోవడం ఒప్పు అంటే జనం ఏమంటారు?"

అక్కడ నన్ను పట్టుకున్నాడు. కోపంగా బయటికి వచ్చేశాను కానీ, మెట్లు దిగుతుంటే ఆయన అన్నదాంట్లో సగం నిజమని మోకాలు చెప్పింది. రెండో అంతస్తు నుంచి మళ్లీ పైకి ఎక్కాను. "మెచ్చుకోను" అన్నాను. "ఒక్క మాట కూడా మెచ్చుకోను. రికార్డుని తప్పు వేగం మీద విన్నాను, ఆడవాళ్లని మగవాళ్లని రాశాను, డ్రమ్మర్ నా కూతురు, ఆ విమర్శ అచ్చయ్యేనాటికి ఈ సంగతి నాకు తెలియదు. కాబట్టి ఆ రికార్డు బాగుందో లేదో చెప్పే అర్హత నాకు లేదు, ఇంకొకరు విని రాస్తారు. ఇంతే వేయండి, కింద నా పేరు." ఆయన నా మాటలు కాగితం మీద రాసుకున్నాడు. "సంగీతం పేజీ?" అన్నాడు. వదిలేస్తున్నానన్నాను. "రాజకీయాల పేజీ కూడా ఏ వేగం మీద రాస్తున్నావో ఒకసారి చూసుకో" అన్నాడు. ఆయనతో నాకు ముప్పై రకాల తగాదాలున్నాయి. దీని మీద మాత్రం తగాదా పెట్టుకోకుండా మెట్లు దిగాను.

ఆ సవరణ ప్రూఫు ఇందులో పెడుతున్నాను. ఈ శుక్రవారం సంచికలో వస్తుంది. పాడే అమ్మాయికి కూడా చూపించు.

పత్రికలో చెప్పలేనిది ఇక్కడ చెప్తాను. ఇది విమర్శ కాదు, ఉత్తరం. రెండో పాట బాగా లేదు. నలభై ఐదు మీద కూడా బాగా లేదు, మాటలు ఉపన్యాసంలా ఉన్నాయి. ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నన్ను అనకు. ఆరో పాటలో గిటారు అమ్మాయి అవసరానికి మించి ముచ్చటపడింది. నాలుగో పాటలో, అందరూ పరిగెడుతుండగా నువ్వు ఒక్కదానివే దెబ్బ ఆపేసే చోటు ఉంది కదా. అందరూ నువ్వు కొడతావని ఎదురుచూస్తారు, నువ్వు కొట్టవు, మళ్లీ ఎదురుచూస్తారు, అప్పుడు కొడతావు. గురువారం నుంచి ఆ చోటు పదిహేనుసార్లు విన్నాను. నీకు అలా ఆగడం ఎవరు నేర్పారు? నేనైతే కాదు. నేను జీవితంలో ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు నీ మీద నాకున్న కోపం. బ్యాండు సంగతి నా దగ్గర ఎందుకు దాచావంటే, మంచి విమర్శ వచ్చాక ఆ కాగితం పట్టుకుని చెబుదామనుకున్నానని రాశావు. అమ్మ నమ్మేది ఆ ఒక్క పత్రికనే కాబట్టి దానికే పంపానన్నావు. కన్నకూతురు తల్లికి మాట చెప్పడానికి అచ్చుకాగితం సిఫారసు కావలసి వచ్చిందంటే, నేనీ ఇంట్లో ఎలా మాట్లాడుతూ వచ్చానో ఇవాళ తెలుస్తోంది. అది నా తప్పు, నా ఖాతాలో వేసుకుంటాను. కానీ మిగతాది నీది. చదువు మార్చమన్నాను, మార్చలేదు. ఆ ఊరు వద్దన్నాను, వెళ్లావు. జుట్టు కత్తిరించకు అని మీ నాన్న చేత చెప్పించాను, గుండు చేయించుకుని వచ్చావు. నా పేరుతో, నా మొహంతో చెప్పిన ఏ మాటకీ ఏ ఒక్కటీ మానని పిల్లవి, పేరూ ఊరూ లేని అయిదు వాక్యాలకి డ్రమ్స్ అమ్ముకుంటావా? ఏం చూసి ఆ రాసినవాడికి అంత విలువిచ్చావు? ఆ రాసింది నేనే కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ఆ మనిషికి అంత విలువ లేదు.

అమ్మొద్దని మాత్రం చెప్పను. చెబితే నువ్వు ఆ సాయంత్రం దాకా కూడా ఆగవు. నీకు విసుగొచ్చి, చేతులు నొప్పెట్టి, ఉద్యోగంతో కుదరక అమ్మదలుచుకుంటే అది నీ ఇష్టం, నేను నోరెత్తను. నా చెవి తప్పు వల్ల మాత్రం అమ్మకు.

శనివారం పొద్దుటి బస్సుకి నేను వస్తున్నాను. టికెట్ తీసుకున్నాను. మీ నాన్నకి డ్యూటీ ఉంది, రాడు. ఆ హోటల్ బ్యాండ్ ఆయన సాయంత్రం కదా వచ్చేది, మధ్యలో మనకి కొన్ని గంటలుంటాయి. పాడే అమ్మాయిని పిలు. రానంటే నేనే వెళ్లి తలుపు కొట్టి, కాళ్లు పట్టుకోను గానీ, క్షమాపణ చెప్తాను. మీరు ప్రాక్టీసు చేసే షెడ్డులో నాకొక కుర్చీ వేసి మీ ముగ్గురూ వాయించండి. మధ్యలో మాట్లాడను. పెన్ను తెచ్చుకోను. విన్నాక కూడా ఇచ్చేయాలనిపిస్తే, వ్యానులోకి ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేస్తాను. కానీ అంతకుముందు ఒక్కసారి నీ ఎదురుగా కూర్చుని వినాలి. అక్కడైతే నా చేతికి అందేలా వేగం మార్చే మీట ఏదీ ఉండదు.

ఇట్లు,
నీ మీద కోపం కొంత, తన మీద కోపం చాలా పెట్టుకుని బస్సెక్కబోతున్న
మీ అమ్మ